మొదటి బంతిలో తాత

పొదిలి ఫంక్షన్ హాలు పక్కన కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి తిరిగితే చాలు — ఘాటు.

ఆ గాలినే గుండెల నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి, తాత నాదస్వరం ఊదుతున్నాడు. ఒక్క దగ్గు రాదు. ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

మా తాత గౌస్ బాషా. శ్రుతిపెట్టె పట్టేది నేను. అద్దంకి నుంచి పొదిలి దాకా ఆయన ఊదని పెళ్ళి లేదు, ఊదని గుడి లేదు. యాభై ఏళ్ళు. ఆయన గట్టిమేళం అందుకుంటేనే తాళి పడుతుంది.

భోజనం మాత్రం... వెనక షెడ్డులో. అన్ని బంతులూ లేచాక.

ఎవరూ ఒక్క మాట అనరు. నవ్వుతూ, కొసరి కొసరి వడ్డిస్తారు.

షెడ్డులో.

నాకు ఒళ్ళు మండేది. తాతకు మండేది కాదు.

మొన్న ఫోన్‌లో ఒక పాత ఫొటో చూపించాను. అమెరికాలో, ఎడారి మధ్య ఒక జూదాల ఊరు. ఆ రోజుల్లో అక్కడి పెద్ద హోటళ్ళలో నల్లవాళ్ళు పాడొచ్చు, నాట్యం చెయ్యొచ్చు. గది మాత్రం ఇవ్వరు. వెనక తలుపున రావాలి, వెనక తలుపునే పోవాలి. 1955లో అక్కడే ఒక కొత్త హోటల్ తెరిచారు; ఆ ఫొటో దానిదే. పేకాట బల్లలు, పాట, నాట్యం — నలుపూ తెలుపూ పక్కపక్కనే. వేరేచోట పాడి అలిసిన గొప్ప గొప్ప గాయకులు అక్కడికొచ్చి, దర్జాగా కూర్చుని తిని, మళ్ళీ పాడేవారట.

తాత కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ముందు తలుపులోంచేనా అమ్మా?"

"ముందు తలుపులోంచే తాతా."

"వెనక షెడ్డు లేదా?"

"లేదు."

"యా అల్లా..." అన్నాడు.

ఆరు నెలలకే అది మూతపడిందని కూడా చెప్పాను. వినలేదు. ఫొటోనే చూస్తున్నాడు.

ఈరోజు యలమందయ్య గారి కూతురి పెళ్ళి. తాళి పడింది. మేళం ఆగింది. మొదటి బంతికి పిలుపు వచ్చింది.

"పట్టుకో షహనాజ్" అని నాదస్వరం నా చేతికిచ్చాడు తాత. షెడ్డు వైపు తిరగలేదు. ముందు తలుపులోంచి నడిచాడు — మా తాతేనా ఈయన! — వెళ్ళి మొదటి వరసలో, వేసి ఉన్న ఆకు ముందు కూర్చున్నాడు.

వడ్డించే చెయ్యి ఆగింది. పక్క కుర్చీ ఖాళీ.

యలమందయ్య గారు వచ్చారు. ఆ కుర్చీ మీద చెయ్యి వేశారు. కూర్చోడానికో... "లే బాషా" అనడానికో...

తాత ఆకు మీద నీళ్ళు చిలకరించుకున్నాడు.

గాలి తిరిగింది. కిటికీల్లోంచి ఘాటు. హాలంతా దగ్గింది.

తాత దగ్గలేదు.