వణకని అక్షరాలు

"మా అమ్మ రాసిన కార్డేదీ?"

నిర్మాత మూడోసారి అడిగాడు. బల్లమీద నూట ఇరవై కార్డులున్నాయి. లెక్క సరిపోయింది. ఆయన తల్లి కార్డు మాత్రం వాటిలో లేదు.

తలుపుకు తాళం, తాళంచెవి ఆయన జేబులో. విడుదలకు ముందు, తెరమీది దృశ్యాన్ని బట్టి సీట్లు ఊగే హాల్లో వేసిన ప్రదర్శనలో ప్రేక్షకులు రాసిచ్చిన అభిప్రాయాల లెక్క తేలేదాకా ఎవరూ గది దాటకూడదు. ఆయన పెట్టిన నియమమే అది. కిటికీ లేని ఆ గదిలో నలుగురున్నారు: నిర్మాత, ఆయన తల్లి, కథా రచయిత, కార్డులు పంచి వసూలు చేసే అమ్మాయి. ఆమె రచయితకు మరదలు. అక్కాబావల ఇంట్లోనే ఉంటోంది. ఉద్యోగమూ బావ ఇప్పించిందే.

"ఏం రాశావమ్మా?"

"ఉన్నమాటే రాశాన్రా. ఆ ఎగిరే ఓడలూ, కూలే మేడలూ కళ్లు తిప్పుకోనివ్వలేదు. కథే, పది నిమిషాల్లో తెలిసిపోయింది. అన్నని చంపినవాడి మీద తమ్ముడి పగ. సీటు ఊగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గుర్రుపెట్టేదాన్ని."

రచయిత ముఖం మాడిపోయింది. "పెద్దవారు కదండీ, ఈ తరం సినిమా..."

"నా పక్కనున్న కుర్రాడు నాకంటే ముందే ఆవలించాడు నాయనా!"

బల్లమీది కార్డులు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. డెబ్భై మంది 'కథ అద్భుతం' అన్నారు. రెండో సగం మళ్లీ తీయాలో వద్దో నిర్మాత రేపటికల్లా తేల్చాలి.

"కార్డులు వేసిన పెట్టె నీ చెయ్యి దాటిందా?" నిర్మాత ఆ అమ్మాయిని అడిగాడు.

"లేదు సార్."

అబద్ధం. ప్రేక్షకులకు సెల్‌ఫోన్లు తిరిగిచ్చేటప్పుడు పది నిమిషాలు బావకు అప్పజెప్పింది. అది చెబితే ఉద్యోగం ఊడుతుంది. బావ వైపు చూసింది. ఆయన గోడ గడియారం చూస్తున్నాడు.

"అయితే మార్చింది నువ్వే. పోలీసులకు ఫోన్ చేస్తున్నా."

ఆమె గబగబా కార్డులు తిరగేసింది. ఒక్కసారిగా చెయ్యి ఆగింది.

"సార్, చూడండి! చివర పేర్లు పడుతున్నప్పుడే కార్డు రాయాలి, ఒకరిది చూసి ఒకరు రాయకుండా. అప్పుడింకా సీట్లు ఊగుతూనే ఉంటాయి. అందుకే ఈ యాభై కార్డుల్లో అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఈ డెబ్భైలో చేతిరాతలు వేరువేరే గానీ, ఒక్క అక్షరమూ వణకలేదు. బల్లమీద పెట్టుకుని తీరిగ్గా రాసినవివి."

నిర్మాత రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూశాడు. తల ఊపాడు.

"నిజమే. మరి ఖాళీ కార్డులు ఎవరి దగ్గరున్నాయి?"

ఆమె తను తవ్విన గోతిలో తనే పడింది.

"నా దగ్గరే సార్. మూడు రోజులు మా ఇంట్లోనే..."

ఆ మూడు రోజులూ బావ గది తలుపేసుకుని రాస్తూ కూర్చున్నాడు. కొత్త కథ కాబోలని అక్క మురిసిపోయింది.

రచయిత దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "ఒప్పేసుకో అమ్మడూ. నా మీద అభిమానంతో చేసుంటావు. సార్‌ది పెద్ద మనసు, కాళ్లమీద పడితే వదిలేస్తారు. అక్కని బాధపెట్టకు."

ఆమె ఆ చేతిని విదిలించి కొట్టింది.

"అబద్ధం చెప్పాను సార్. నా ఉద్యోగం పోతే పోనివ్వండి. పెట్టె పది నిమిషాలు నా దగ్గర లేదు."

"ఎవరి దగ్గరుంది?"

"ఏయ్, నోర్ముయ్! మీ అక్క కాపురం..." రచయిత గొంతు చీరుకుపోయింది.

పెద్దావిడ చేతికర్ర నేలకేసి కొట్టింది. "చెప్పనీ నాయనా. నువ్వు చెప్పమ్మా."

"మా బావ దగ్గర. కార్డులు మార్చింది ఆయనే."