నాలుగు బార్లీ గింజలు

అమీర్ తాష్‌ఫీన్ పసివాడైన అన్నకొడుకుని బురుజులో బంధించి గద్దె ఎక్కాడు. అందుకు సైన్యం సరిపోయింది. ఊరి నోళ్లు మూయించడానికి మాత్రం ఒక కల కావలసి వచ్చింది. ఈ ఊళ్లో ఎవరు గద్దె ఎక్కినా, సమాధిలో ఉన్న సీదీ యర్జూక్ బాబా కలలో కనిపించి తలపాగా చుట్టాలి. తాష్‌ఫీన్ తాతకి చుట్టాడు, తండ్రికి చుట్టాడు, అన్నకీ చుట్టాడు. ఈయన వంతు వచ్చేసరికి పాపం బాబాకి తీరిక దొరకలేదు కాబోలు.

ఆ మాటే జియాన్ అనే కుర్రవాడు తోళ్ల బజారులో నలుగురి ముందూ అడిగాడు, ఇంతకీ ఈయనకి కల వచ్చిందా అని. సాయంత్రానికల్లా ఖైదులో ఉన్నాడు.

జియాన్ తండ్రి హమ్దూన్ నలభై ఏళ్లుగా ఊరివాళ్ల కలలకి అర్థాలు చెప్పి బతుకుతున్నవాడు. వజీరు అతన్ని పిలిపించి, పుదీనా టీ ఇప్పించి, ఎంతో మర్యాదగా చెప్పాడు. శుక్రవారం నమాజు అయ్యాక లేచి, బాబా అమీరుకి తలపాగా చుట్టడం కలలో చూశానని చెప్పాలట. చెబితే కొడుకు ఇంటికొస్తాడు. లేకపోతే రాడు.

"ఆ కలేదో మీకే రావచ్చు కదా, వజీరుగారూ?" అన్నాడు హమ్దూన్.

వజీరుకి ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదట. ఖాజీగారు మోకాళ్ల నొప్పులని కొండమీది ఊరికి వెళ్లిపోయారు. అమీరు తన గొప్ప తనే చెప్పుకుంటే బాగుండదట. అసలు సంగతి అందరికీ తెలుసు. రాని కలని వచ్చిందన్నవాడికి తీర్పురోజున కలకి రెండు చొప్పున బార్లీ గింజలిచ్చి ముడి వెయ్యమంటారు. ముడి పడదు, శిక్ష ఆగదు. పసివాణ్ని బురుజులో పెట్టడానికి జంకని దొరలకి ఆ రెండు గింజలంటే మాత్రం మహా భయం.

ఇంటికొచ్చి చెబితే భార్య మన్నానా పిండి పిసకడం ఆపలేదు. అదీ బార్లీ పిండే.

"పైలోకంలో నీకేం పనుంటుందయ్యా? తీరిగ్గా కూర్చుని ముడేసుకో. ముందు నా కొడుకుని తీసుకురా," అంది.

శుక్రవారం చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు, నిన్నటిదాకా నవ్వినవాళ్లు అందరికంటే ముందు తుడుచుకున్నారు. వజీరు భుజం తట్టి, కొడుకు సంగతి వచ్చే శుక్రవారం చూద్దామన్నాడు. ఇంకో చిన్న కల అవసరం పడేట్టుందట. హమ్దూన్‌కి ఒళ్లు మండిపోయింది.

అంతలో అమీరు అతన్ని పక్కకి పిలిచాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దాయనా, నిజం చెప్పు. బాబా నా గురించి ఇంకేమైనా అన్నారా?"

ఆ కలని వండించిన మనిషే అందరికంటే గట్టిగా నమ్మి కూర్చున్నాడు. హమ్దూన్‌కి గింజలు గుర్తొచ్చాయి. తర్వాత కొడుకు గుర్తొచ్చాడు.

"అన్నారు ప్రభూ. పొద్దు గుంకేలోపు జియాన్‌ని వదలకపోతే, చుట్టిన తలపాగా విప్పుకుని పోతానన్నారు."

పొద్దు ఇంకా ఉండగానే జియాన్ గుమ్మంలో నిలబడ్డాడు. మన్నానా వాణ్ని పట్టుకుని భోరుమంది. హమ్దూన్ సంచిలో చెయ్యి పెట్టి నాలుగు బార్లీ గింజలు తీసుకుని, గడప మీద కూర్చుని, ముడి వెయ్యడం ఇప్పట్నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టాడు.