ఆదివారం పదును

గెలిచే కేసులు సీనియరు తన బల్ల మీదే ఉంచుకునేవాడు. తక్కినవి చిన్న లాయరమ్మ బల్ల మీదికి వచ్చేవి. వడ్రంగి కేసు అలా వచ్చిందే.

సొంత దుకాణానికి తనే నిప్పు పెట్టుకుని బీమా సొమ్ము కాజేయాలని చూశాడని అతని మీద అభియోగం. నిప్పు ఎలా రాజుకుందో ఎవరూ తేల్చలేకపోయారు. చెక్కపొట్టు, వార్నిషు ఉన్నచోట నిప్పుకు పెద్ద కారణం అక్కర్లేదు కూడా. కానీ బీమా కంపెనీ మనిషికి ఒక సంగతి చిక్కింది. దుకాణం కాలింది శనివారం రాత్రి. ఆ సాయంత్రమే వడ్రంగి తన మంచి ఉలులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. కాలుతుందని ముందే తెలియకపోతే ఎందుకు పట్టుకెళతాడు?

"సానపట్టడానికి మేడమ్," అన్నాడు వడ్రంగి, ఆమె గదిలో కుర్చీ అంచున కూర్చుని. మాట్లాడుతూనే ఒక చేత్తో ఆ కుర్చీ కాలు తడిమి చూసుకుంటున్నాడు, అది ఊగుతోందని. "ప్రతి శనివారం తీసుకెళతాను. ఆదివారం మా నాన్న సానపడతాడు."

"దుకాణంలో సాన మిషను ఉందిగా?"

"ఉంది."

"సోమవారం పొద్దున్నే మీరు ఆ మిషను మీద ఉలులు పట్టడం పక్క కొట్టాయన చూశాడట. ఆదివారం పట్టినవాటికి సోమవారం మళ్లీ పట్టడమేంటి?"

వడ్రంగి కుర్చీ కాలు వదిలేశాడు.

"నాన్నకు చేతులు వణుకుతాయి మేడమ్. పదును వంకరపోతుంది. ఆ ఉలి చెక్కకు ఆనిస్తే పీచు లేస్తుంది. అందుకని నేను మళ్లీ సరిచేసుకుంటాను. ఆయనకు తెలీదు."

లాయరమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "ఈ ముక్క కోర్టులో చెప్పండి చాలు."

"చెప్పను."

"చెప్పకపోతే జైలుకు పోతారు."

"పోతే పోతాను. దుకాణం ఇంకోటి కట్టుకోవచ్చు. ఆయనకు ఆ ఆదివారం లేకుండా పోతే నేనెక్కడ్నుంచి తెచ్చిస్తాను? నాకు ఉలి పట్టడం నేర్పిన చెయ్యి అది."

ఆమె ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చట్టం పుస్తకాలు వల్లెవేసి పాసైంది. దీనికి ఏ సెక్షను వర్తిస్తుందో మాత్రం తోచలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చేజేతులా కేసు పాడుచేసుకుంటున్నాడని కోపం రావాల్సింది. రాలేదు.

మర్నాడు వడ్రంగి తండ్రి, ఆ ముసలాయనే, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఏం లాయరమ్మా, ఉలులు ఎందుకు తెచ్చాడో చెప్పాల్సింది నేను కదా? నన్నొదిలేసి ఊళ్లోవాళ్లందరినీ పిలుస్తున్నావట."

వడ్రంగి గింజుకుని గింజుకుని చివరికి తండ్రి సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. "ఉలులు తెచ్చానా, ఆయన పట్టాడా, అంతవరకే అడగండి. మిషను ఊసు మాత్రం మీ నోట రాకూడదు." ఆమె మాటిచ్చింది.

కోర్టులో ఆ మాట మీదే నిలబడింది. ముసలాయన బోను కమ్మీ పట్టుకుని, ప్రతి శనివారం కొడుకు సంచి తెస్తాడని, తను సానపడతాడని చెప్పాడు. మిషను గురించి ఇంకొక్క ప్రశ్న ఆమె నాలుక చివర దాకా వచ్చింది. మింగేసి కూర్చుంది.

అవతలి వకీలు ఊరుకుంటాడా? మర్యాదగానే లేచాడు.

"పెద్దాయనా, మీరు ఆదివారం పట్టిన ఉలులనే మీవాడు సోమవారం మిషను మీద మళ్లీ సానపడుతున్నాడట. మరి మీ దగ్గరికి తేవడం దేనికి? వట్టి సాకు కాదూ?"

వడ్రంగి తల వాల్చేశాడు. లాయరమ్మ సగం లేచింది. అడ్డు చెప్పడానికి కారణం దొరకలేదు.

"పడతాడని తెలుసు బాబూ," అన్నాడు ముసలాయన.

వడ్రంగి తలెత్తాడు.

"శనివారం నా చేతికొచ్చేది నేను పంపిన పదును కాదు. బొటనవేలు ఆనిస్తే తెలీదా? అది వాడి పదును. నాకంటే బాగా పడతాడు."

"తెలిసీ ఎందుకు సానపడుతున్నారు?"

"వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. పైగా ఉలి ఉంటే నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతాడు. లేకపోతే ఫోను చూసుకుంటాడు."

వెనక బల్లల్లో నవ్వులు. జడ్జి కూడా కళ్లజోడు సర్దుకున్నాడు.

లాయరమ్మ వడ్రంగి వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకుని తలూపాడు. అప్పుడు లేచింది.

"తాతగారూ, దుకాణం కాలాక ఆ ఉలులు ఏం చేశారు?"

"ఆదివారం కదమ్మా, పట్టాను. వాడు అక్కడ బూడిదలో తిరుగుతున్నాడు. నాకింకేం చేతనవుతుంది? తర్వాత పోలీసులు పట్టుకుపోయారు."

సంచి సాక్ష్యాల బల్ల మీదే ఉంది. జడ్జి ఒక ఉలి తెప్పించుకుని కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. అంచు అలలు అలలుగా ఉంది. తర్వాత ఇంకొకటి చూశాడు. అదీ అంతే.

"నిప్పు పెట్టబోయేవాడు మంచి సామాను భద్రంగా దాచుకుంటాడండీ," అంది లాయరమ్మ. "వంకరపోతాయని తెలిసి తండ్రి చేతిలో పెట్టడు. ఈయన ప్రతి వారం పెట్టాడు."

ఇంకా చెప్పాలని రాసుకొచ్చిన కాగితాలు తీయకుండానే కూర్చుంది.

తీర్పు నాడు సీనియరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. కేసు కొట్టేశారు. సంచి తిరిగి ఇచ్చారు. కోర్టు మెట్ల దగ్గర వడ్రంగి సంచి భుజాన వేసుకుని తండ్రి మొహంలోకి చూడలేక చెప్పులకేసి చూస్తున్నాడు.

"ఏరా, ఇన్నాళ్లూ నన్ను మోసం చేశావుగా," అన్నాడు ముసలాయన.

"నువ్వు చేయలేదా నాన్నా?"

"చేశాను. అందుకే ఇలా తగలడ్డాం." కర్రతో సంచిని పొడిచాడు. "ఇక సోమవారం దాకా ఆగకు. ఆదివారం నా ముందే సరిచెయ్. నా చెయ్యి ఎక్కడ తప్పుతోందో చూస్తాను."

"ఫోను?"

"ఈ లాయరమ్మకిచ్చి రా."

ఆమె నిజంగానే చెయ్యి చాచింది. అతను నవ్వుతూ ఫోను జేబులోనే ఉంచుకున్నాడు కానీ, వెళ్లబోతూ ఒక్క క్షణం ఆగాడు.

"మీ గదిలో ఆ కుర్చీ తీసిపెట్టండి మేడమ్. సోమవారం వచ్చి కాలు బిగిస్తాను."