పైనుంచి నాలుగో సంఖ్య

మా ఆసుపత్రి ల్యాబ్‌కు గుండె పరీక్షల కొత్త యంత్రం వచ్చిన ఏడాది, ఆరోగ్యవంతులను వెతకడం నా పని అయింది. రోగులైతే వెతక్కుండానే వస్తారు. ఏ జబ్బూ లేని మనిషిని పట్టుకురమ్మంటేనే తల ప్రాణం తోకకొస్తుంది.

గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి చేరుతుంది. బాగున్నవాళ్ళ రక్తంలోనూ అది కాస్తో కూస్తో ఉంటుంది. ఎంతవరకు ఫరవాలేదు, ఎంత దాటితే కంగారు పడాలి అన్నదానికి ఒక గీత కావాలి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఒక గీత ఉంది కానీ, మా పెద్ద డాక్టరు ఎవరో చెప్పింది కళ్ళకద్దుకునే రకం కాదు. ఆయన్ని మేం స్కేలు డాక్టరు అంటాం. కంప్యూటరు గీసిన గీతను కూడా జేబులోని స్టీలు స్కేలు పెట్టి సరిచూసుకుంటారు మరి. మన మనుషుల రక్తంతోనే తేల్చుకుందామన్నారు. మగవాళ్ళు మూడు వందల మంది, ఆడవాళ్ళు మూడు వందల మంది. ఆడవాళ్ళలో అది సహజంగానే తక్కువ కాబట్టి వాళ్ళ గీత వేరు.

మగవాళ్ళు బిలబిలమంటూ వచ్చేశారు. ఆడవాళ్ళకు తీరికెక్కడిది? చివరి రోజు ఒక్కరు తక్కువైతే మా వదినను లాక్కొచ్చాను.

అన్నయ్య పెళ్ళినాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ మర్నాటి నుంచి నా జడ వేసింది వదినే. ఇప్పుడామెకు యాభై ఎనిమిది. మేం కింద ఇంట్లో ఉంటాం, వాళ్ళు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. రోజుకు నాలుగుసార్లు దిగి ఎక్కుతుంది, కాలు ఒకచోట నిలవదు. రెండో అంతస్తు మలుపులో ఒక పూలకుండీ, దాని పక్కన ఒక మగ్గు పెట్టుకుంది. ఎక్కినప్పుడల్లా అక్కడ ఆగి నీళ్ళు పోస్తుంది, ఎండుటాకులు ఏరుతుంది. ఈ మొక్క ఎండకు కాదు, నీ నీళ్ళకే చస్తుందని ఏడిపించేదాన్ని.

రక్తం తీసే ముందు ఫారం నింపాలి. బీపీ ఉందా, షుగర్ ఉందా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఇలా పదహారు ప్రశ్నలు. ఆ రోజు వరస పొడుగ్గా ఉంది. వదినకేం, గుండ్రాయిలా ఉంది అనుకుని పదహారింటికీ నేనే ‘లేదు’ అని టిక్కులు పెట్టేసి సంతకం చెయ్యమన్నాను. చదవకుండానే చేసింది. ఆమె నంబరు మూడు వందలు.

వారం తర్వాత స్కేలు డాక్టరు ఆడవాళ్ళ సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పేర్చారు. నూటికి తొంభై తొమ్మిది మంది ఎక్కడ ఆగుతారో అక్కడ గీత. అంటే మూడు వందల్లో పైన ముగ్గురిని వదిలేసి నాలుగో సంఖ్య దగ్గర. అది పంతొమ్మిది. దాని కిందిది పదిహేనే. పంతొమ్మిది పక్కన నంబరు చూశాను. మూడు వందలు.

ఆ కాగితాల మీద పేర్లుండవు. ఆ నంబరు ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. కింది సంఖ్యకు అంత దూరంగా ఉంది కదా, తీసెయ్యొద్దా అని మెల్లగా అడిగాను.

“పెద్దగా ఉందని తీసెయ్యకూడదమ్మా. మనిషికి ఇబ్బంది ఉందంటేనే తీసెయ్యాలి. ఫారంలో ఏముంది?” అన్నారు డాక్టరు గారు.

ఫారంలో పదహారు లేదులున్నాయి. ఆయన తల ఊపి, సోమవారం సంతకం పెడతానన్నారు.

నోరు మూసుకుంటే సరిపోయేది. గీత పంతొమ్మిది దగ్గరే ఉంటుంది, వదిన నార్మల్ అయిపోతుంది. నాకు అదే కావాలనిపించింది, దాచడమెందుకు. కానీ రేపు ఛాతీ పట్టుకుని వచ్చిన ఏ ఆడమనిషికో పదిహేడో పద్దెనిమిదో వస్తే, ఏం లేదమ్మా అని ఇంటికి పంపేస్తాం. నా టిక్కులను నమ్ముకుని పంపేస్తాం.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మెట్ల మీద అలికిడి వినిపించింది. పైకెక్కి చూస్తే వదిన మలుపు దగ్గర కుండీ మీదికి వంగి ఉంది. చేతిలో మగ్గు ఉంది. మగ్గులో చుక్క నీళ్ళు లేవు.

“వదినా, మెట్లెక్కితే నీకు ఆయాసం వస్తుందా?”

ఆమె నా వైపు చూడకుండా ఒక ఆకు తుంచింది. “కాగితంలో అన్నిటికీ లేదని నువ్వే పెట్టావుగా.”

“తప్పు పెట్టాను. ఇప్పుడు అడుగుతున్నా.”

“ఏడాదిగా వస్తోందే. మీ అన్నయ్య చూస్తే హడావుడి చేస్తారని ఈ కుండీ పెట్టుకున్నా. మొక్క కోసం ఆగితే ఎవరూ ఏమీ అనరు.” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఆసుపత్రిలో చేస్తున్నావు కదా, ఎప్పుడో నువ్వే అడుగుతావులే అనుకున్నా.”

దీపం కింద చీకటి అంటారు. ఆ దీపం పట్టుకుని ఊరంతా తిరిగింది నేనే. అక్కడే నిలబడి ఏడ్చేశాను. వదినే నా వీపు నిమిరింది.

సోమవారం సంతకానికి ముందే డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిట్టాల్సినంతా తిట్టారు. తర్వాత, ఒకరి బదులు ఇంకొకరు నింపిన ఫారాలు ఇంకెన్ని ఉన్నాయో చూడమన్నారు. ముప్పై ఆరు తేలాయి. మొగుళ్ళు నింపినవి, కొడుకులు నింపినవి, కోడళ్ళు నింపినవి. ఫోన్ ఆవిడకే ఇవ్వమని పట్టుబట్టి ఒక్కొక్కరినీ అడిగాను. తొమ్మిది మందికి ఏదో ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, అడగలేదుగా అన్నారు. వాళ్ళను పరీక్షలకు రమ్మని, వదినతో కలిపి పది నంబర్లు కొట్టేసి, మరో పది మందిని వెతికాం. గీత పద్నాలుగుకు దిగింది.

వదిన గుండె కాస్త పెద్దదైందని, బలం తగ్గిందని స్కానింగులో తేలింది. తొందరగానే వచ్చారు, మందులతో నెట్టుకురావచ్చు అన్నాడు గుండె డాక్టరు. మరీ అంత తొందరగా ఏమీ రాలేదని నాకు తెలుసు.

మలుపులో కుండీ పక్కన ఒక స్టూలు వేశాను. మొదటి రోజు వదిన దానివంక చూసి, అలవాటు కొద్దీ మగ్గు అందుకోబోయింది. మొక్కకు చాలు, నువ్వు కూర్చోమన్నాను. కూర్చుంది.

“నీ కాగితంలో ఇంకా ప్రశ్నలున్నాయా?” అంది.

పదిహేను ఉన్నాయన్నాను. మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ఆమె చెప్పేదాకా ఆగి, అప్పుడు రాసుకున్నాను.