కట్టమ్మ నేసిన సగం

నేను పనిలో ఉండగా నా బిడ్డకు గత్తర తగులుతుందని, నేను తల తిప్పి చూసేలోగా చచ్చిపోతుందని నా భయం. ఆ భయం ఇప్పటికీ పోలేదు. లచ్చువ నా ఒడిలోనే ఉంది, బాగానే ఉంది. అయినా గడియకోసారి దాని కడుపు మీద చెయ్యి వేసి చూస్తున్నాను.

కొత్తవాడలో ఈ గత్తర, వాంతులు, విరేచనాలు మొదలై పదిహేను రోజులు దాటింది. పని మానడానికి లేదు. యుద్ధానికి పోయిన మిలిటరీ వాళ్లకు జంపఖానాలు పంపాలని మా మగ్గాల షెడ్డు మేస్త్రి నర్సయ్య ఒకటే తొందర. రెండు రోజులు రాకపోతే ఆ పీట మీద ఇంకొకరు కూర్చుంటారు. నా పెనిమిటి వెంకట్రాజం షోలాపురం మిల్లులో ఉన్నాడు. అత్తమ్మ పోయిన యేడు కాలం చేసింది. ఏడాదిన్నర పిల్లను ఎవరికి అప్పగించను? షెడ్డులోనే దూలానికి చీర ఉయ్యాల కట్టి, దాని తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, చేతులతో నేస్తూ కాలితో ఊపేదాన్ని. నీళ్లు ఇంట్లో కాచి, చల్లార్చి, చెంబులో పోసుకుని వెళ్లేదాన్ని. అందుకు షెడ్డంతా నన్ను దాక్తరమ్మ అని నవ్వేది.

పెద్ద జంపఖానాకు ఇద్దరు కావాలి. ఒక అంచు నుంచి నేను, రెండో అంచు నుంచి కట్టమ్మక్క నేస్తూ నడుమ కలుస్తాం. ఇద్దరం ఇనుప పంజాతో పోగును ఒక్క తీరుగా కొడితేనే చార తిన్నగా వస్తుంది. మూడేళ్లుగా మా చార వంకరపోలేదు.

ఆ రోజు వంకరపోయింది. పొద్దెక్కేసరికి ఆమె సగం నా సగానికి రెండు వేళ్లు వెనుకబడింది. లాగి కొట్టాల్సిన పంజాను ఊరికే ఆనించి తీస్తోంది. నర్సయ్య చూస్తే అంతా విప్పిస్తాడని మెల్లగా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"మొగిలి పొద్దుగాల సంది కక్కుతాండు చెల్లె. నీళ్లలెక్క పోతాంది. పక్కింటి ముసలమ్మకు అప్పజెప్పొచ్చిన. ఎవ్వలకు చెప్పకు, ఊరవతల గత్తరోళ్ల షెడ్డుల పడేస్తరు."

మొగిలి ఆమె కొడుకు, ఐదేళ్లవాడు. నాకు వాడి మొహం గుర్తుకు రాలేదు. అంతకు ముందే లచ్చువ ఏడిస్తే, నా చేతిలో పోగు ఉందని కట్టమ్మే లేచి దానికి నీళ్లు తాపింది. అదొక్కటే గుర్తుకొచ్చింది. వేలికున్న తాడు లాగి పారేసి, పిల్లను చంకనేసుకుని, పోతూ పోతూ నర్సయ్యతో చెప్పేశాను. ఆలోచించి చెప్పలేదు, నోట్లోంచి వచ్చేసింది.

నర్సయ్య ఆమె పంజాను తీసి వాకిట్లో పడేశాడు. మళ్లీ గడప తొక్కొద్దన్నాడు. ఆమె పోట్లాడలేదు. నా దగ్గరికి వస్తుంటే నేను పిల్లను కొంగులో చుట్టి వెనక్కి జరిగాను. ఆమె అక్కడే ఆగిపోయింది.

"జరగకు తియ్. నీ బిడ్డకు తాపినయి నీ చెంబుల నీళ్లే. చేతులు గూడ బూడిదతోని తోముకున్నంకనే ముట్టిన. పిల్లల ఫికర్ నీకొక్కదానికే ఉంటదా?"

నేను పిల్లను ఎత్తుకుని ఇంటి దారి పట్టాను.

మధ్యాహ్నానికి ఆమె కొడుకును బండిలో వేసుకుని హసన్‌పర్తికి, అన్న యాకయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే పెద్దమనుషులు పోచమ్మకు బోనం తీసి, వాడ చుట్టూ పసుపు నీళ్లు చల్లి, వేపమండలతో కట్టు కట్టారు. తొమ్మిది రోజులు లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. దాటినవాళ్లుంటే, ఆ తర్వాత వాడలో పోయిన ప్రతి ప్రాణమూ వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

ఈ రోజు ఐదో రోజు. లచ్చువకు ఏమీ కాలేదు. ఆమె పీట మీద కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోక మా మగ్గం ఆగిపోయింది. కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే పడుకోలేను. హసన్‌పర్తికి పోదామని రెండుసార్లు వేపమండల దాకా వెళ్లాను. బిడ్డను వదిలి పోతే చూసేవాళ్లు లేరు, తీసుకుపోతే ఆ ఇంట్లో గత్తర. రెండుసార్లూ వెనక్కి వచ్చాను.

ఇది చదివినవాళ్లలో ఎవరైనా హసన్‌పర్తి దిక్కు పోతే, యాకయ్య ఇల్లు చెరువుకట్ట కింద, గానుగ పక్కన. నా పేరు చెప్పకండి, తలుపు వేసుకుంటుంది. కాచిన నీళ్లు, ఉప్పేసిన గంజి ఇంత పట్టుకెళ్లండి. మొగిలి లేచి కూర్చున్నాడా, నాలుగు మెతుకులు తింటున్నాడా, జర చూసి రండి.