కాళహస్తాచారి తుమ్మచెక్క కారు

రండు నాయనలారా, చేరువకు రండు. ఆ పీట యిటు జరుపుకొని నా మోకాలి ప్రక్కనే కూర్చుండుడు. నా కంఠము పూర్వమువలె దూరము పోదు, ఈ కథయు బిగ్గఱగా చెప్పదగినది కాదు. ఒకని కడుపులో రగిలిన కుళ్ళును గూర్చిన కథను చెవి చెంతనే చెప్పవలెను.

వర్షధారలచే కడుగబడి నీలమణిఫలకమువలె నిగనిగలాడు శరదాకాశమున వెలిమబ్బులు దూదిపింజలై తేలియాడుచుండగా, కృష్ణాతరంగశీకరశీతలములైన ప్రభాతమారుతములు ఇంద్రకీలాద్రి నొరసికొని వచ్చి విజయవాడ యాటోనగరు వీథులలో డీజిలు వాసనతోడను కొత్తరంగుల వాసనతోడను కలిసిమెలిసి విహరించుచుండగా, షెడ్డు షెడ్డునను సుత్తెల చప్పుడే మేలుకొలుపుగా ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి తెల్లవారెను. నవరాత్రములు మొదలయ్యెను. తొమ్మిదవనాడు ఆయుధపూజ. ఆ పండుగ యితరుల కెట్లున్నను చెక్క చెక్కు బాడిత పట్టి బ్రతుకువారికి దానిని మించిన పండుగ లేదు.

ఆ యుదయమున లారీబాడీలు కట్టు కాళహస్తాచారి తన షెడ్డు వాకిట టీగ్లాసు చేతబట్టి నిలుచుండగా, కాచిన యినుమువలె ఎఱ్ఱనైనదియు నేలను ముద్దాడుచున్నట్లు వంగినదియు గర్జించుటలో బెబ్బులివంటిదియునైన యొక స్పోర్ట్సు కారు వీథి మలుపు తిరిగి వచ్చి యాతని పాదములకు జేనెడు దూరమున నాగెను. దాని వెల యెంతయందురా? పది కొత్త లారీలు కొని పది తాళపుచెవులు మొలకు కట్టుకొనదగినంత. దానినుండి దిగినవాడు పరాయివాడు కాడు, ఆచారి భార్య కామాక్షమ్మకు స్వయానా తమ్ముడు, పేరు మౌనేశ్వరాచారి.

"బావా, ఎట్టా ఉంది బండి?"

"ఏముందిరా మౌనీ, బల్లిలాగా నేలకంటుకుని. ఎక్కటానికి తలుపా, దూరటానికి కలుగా?"

మౌనేశ్వరుడు పకపక నవ్వెను. "అక్కయ్యేదీ? అక్కా! నవమినాడు కారుకి గుమ్మడికాయ బావే కొట్టాలి. ఇంటల్లుడి చేత్తో కొట్టిస్తే ఎవరి దిష్టీ తగలదంటది అమ్మ."

ఏమని చెప్పుదును! ఏ కన్నులలో దిష్టి సెగలు గ్రక్కుచుండెనో ఆ కన్నులవానినే దిష్టి తీయ పిలిచినారు. కాళహస్తాచారి మిగిలిన టీని నేల పాఱబోసెను.

"నాకు తీరదు. నవమికి నా కారుకి నేను కొట్టుకోవాలిగా."

"నీకు కారేంది బావా?"

"ఇలాంటిదే. నీదానికన్నా ఇంకా కిందకుంటది."

నోటినుండి జాఱిన మాట నేలబడిన నూనెవలె మరల నెత్తరానిది. మౌనేశ్వరుడు నివ్వెఱపడి వెడలిపోయెను. తమ్మునికై తెచ్చిన కాఫీగ్లాసుతో గుమ్మమున నిలిచిన కామాక్షమ్మ పెనిమిటి ముఖము చూచి దానితోనే లోనికి మఱలెను.

ఇప్పుడు వారి పూర్వకథ కొంత చెప్పవలెను. ఆ బావమఱదు లిద్దఱును పదునైదేండ్ల ప్రాయమున వీరబ్రహ్మము మేస్త్రియను నొక్క గురువువద్దనే బాడిత పట్టినవారు. కాళహస్తి చేతిలో చెక్క చెప్పిన మాట వినెడిది. ఆ పనితనమును చూచియే మౌనేశ్వరుని తండ్రి తన కూతురు నతని కిచ్చెను. మేస్త్రి ముసలివాడై షెడ్డు మూయుచు, మీకు రావలసిన కూలిని రొక్కముగా పుచ్చుకొందురా, లేక మూలనున్న రేకులు వంచు మిషనును పుచ్చుకొందురా యని శిష్యుల నడిగెను. కాళహస్తి రొక్కము పుచ్చుకొని టేపురికార్డరు కొనెను. ఆ పాటలు వీథి వీథియంతయు వినెను. మౌనేశ్వరుడు త్రుప్పుపట్టిన మిషనును రిక్షాబండిపై నెక్కించుకొని పోయెను.

తరువాత నినుపబాడీల కాలము వచ్చెను. చెక్కలేని బండి యెముకలేని మనిషి యని కాళహస్తి మీసము దువ్వెను. మౌనేశ్వరుడు అరవదేశపు నామక్కల్లు పోయి సగము కూలికి రెండేండ్లు పడియుండి టాంకర్లు కట్టుట నేర్చి వచ్చెను. ఒకడు వీథిలో మొదటి రంగుల టీవీని తెచ్చెను. మఱియొకడు ఊరి వెలుపల కంపచెట్లు మొలచిన నేలను కొనెను. ఒకడు కొడుకు వడుగునకు మూడు బ్యాండుమేళములు పిలిపించెను. మఱియొకడు ఆ నేలపై షెడ్లు వేసి యద్దె కిచ్చి తాను మాత్రము నలువదియెనిమిదేండ్లు నిండువఱకు సిమెంటురేకుల క్రిందనే కాపురముండెను. "నా చేతికష్టం పెట్టి షోకుబండి కొననక్కా, షెడ్ల అద్దె ఏనాడు కొనిపెడితే ఆనాడే ఎక్కుతా" నని యొకప్పు డక్కతో ననగా, ఆ మాట విని కాళహస్తి కడుపుబ్బ నవ్వెను. ఆ అద్దెయే నేడు కారై వాకిట నిలిచెను. ఈర్ష్యకు గల జ్ఞాపకశక్తి పురోహితునికిని లేదు. ఏ యేట ఏ తిథినాడు తాను కుడివైపు మఱలెనో వాడు ఎడమవైపు మఱలెనో అన్నియు నాతనికి వరుసతప్పక గుర్తుకు వచ్చుచుండెను.

ఇక కారు. కొనుటకు శక్తి లేదు, కట్టుటకు చేయి కలదు. తన మోటారుసైకిలు నమ్మి పాతయినుముల దుకాణమున నొక ముసలికారు అస్థిపంజరమును ఇంజనుతోకూడ తెచ్చెను. చెక్క యెక్కడిది? అక్కడనే యున్నది నాయనా చిక్కు. నందిగామ తిరపతమ్మ యను నామె పెనిమిటి పోయిన పిదప లారీవ్యాపారమును తానే యీడ్చుకొని వచ్చుచు, బాడీలేని కొత్తలారీ చట్రమగు ఛాసిస్సును కాళహస్తి షెడ్డులో నిలిపి, చెక్కకును రేకునకును ముందే సొమ్మిచ్చి, విజయదశమినాటికి బాడీ కట్టి యిమ్మని చెప్పి పోయియుండెను. ఆనాటి సాయంకాలమునకు బండి పత్తిమిల్లు చేరనిచో ఆ యేటి లోడంతయు మఱియొకరి పాలగును. ఆమె కొన్న తుమ్మపలకలే షెడ్డు గోడకు చేరగిలి యుండెను. కాళహస్తి షెడ్డునకు మిగిలిన గిరాకీ యామె యొక్కతెయే.

"అది తిరపతమ్మ చెక్కయ్యా!" అని కామాక్షమ్మ అడ్డుపడెను.

"నవమి కానీ. మళ్ళీ తెస్తా."

"దేంతో తెస్తావు? నీ మీసాలమ్మా?"

ముప్పదియేండ్లుగా తోడుపనివాడైన మస్తాను కూడ తల గోకికొనుచు ననెను. "గురూ, కారుకి తుమ్మచెక్కేంది? పదారుగేజి రేకేంది? కారు రేకు అప్పడంలా ఉంటది గదా!"

"పల్చటి రేకేస్తే పరువు పోద్దిరా. నా చేతి బండి ముప్పై ఏళ్ళు ఉండాలి. ఎదురుగా లారీ వచ్చి గుద్దినా లారీకే సొట్ట పడాలి."

లారీలు కట్టి కట్టి పండిన బుద్ధికి బరువే మర్యాద, మందమే గౌరవము. కనుక నాతడు లారీకి పట్టు మందమంతయు కారునకు పట్టించెను. ఐనను చేయి మాత్రము దేవతలచేయి. కొలతలెట్లు తెచ్చెనందురేని, విదియనాడు బావమఱది యింటికి పోయి దాహమడిగి, అతడు నీళ్ళకై లోపలికి పోయినంతలో ఎఱ్ఱకారు చక్రముమీది వంపుపై నరచేయి నిలిపి యొక్కమాఱు మెల్లగా నిమిరి, ఆ వంపు నరచేతిలోనే దొంగిలించుకొని, పిడికిలి విప్పక యిల్లు చేరెను. ఎడమచేత నన్నము తినెనని కామాక్షమ్మ తరువాత చెప్పుకొని యేడ్చెడిది. ఏడుదినము లాతడు నిద్రాహారములు మఱచి చెక్కుచుండగా మొండితుమ్మపలక మైనమువలె వంగెను, హంసమెడవలె లేచెను, చూచినవారి కన్ను జాఱిపోవునంత నునుపయ్యెను. పసుపురంగు పూసిరి. వీథిలోనివారు చూడవచ్చి నోరు తెఱచి నిలిచిరి.

మహానవమి వచ్చెను. బంతిపూల తోరణములతో సాంబ్రాణిధూపములతో ఆటోనగరమంతయు పెండ్లిపందిరివలె నుండగా, కాళహస్తాచారి పట్టుపంచె కట్టి పసుపుకారు నధిరోహించెను. మీట నొక్కగా ఇంజను దగ్గెను, మూలిగెను, మేలుకొనెను. కారు కదలెను. అంత దాని స్ప్రింగులు కిఱ్ఱుమని కూలబడెను, పొట్ట నేల నంటెను. లారీదార్ఢ్యము గల యా బరువును ముసలియింజను పదిబారలు లాగి, వీథిమలుపున నడ్డముగా నిలిచి, పొగయొకటి విడిచి ప్రాణము విడిచెను. వెనుకనుండి వచ్చుచున్న ఎఱ్ఱకారు దారిలేక నిలిచిపోయెను.

"లోడెంత గురూ, పది టన్నులా?"

"అన్నమాట నిలబెట్టుకున్నాడ్రోయ్! దానికన్నా కిందకే ఉంది!"

"కారు కాదురా ఇది, కారు వేషం కట్టిన లారీ!"

నవ్వులు వీథి రెండుకొసలకు పొర్లెను. ఆ నవ్వులనడుమనే తిరపతమ్మ పూలదండయు గుమ్మడికాయయు చేతబట్టుకొని తన కొత్తలారీకి పూజ చేయించుటకై నందిగామనుండి వచ్చెను. షెడ్డులో ఎముకలు బయటపడియున్న ఛాసిస్సును చూచెను. వీథిలో పసుపుకారును చూచెను. గీత గీత గుర్తుపట్టగలిగిన చెక్క యది, తానే కలప యడితిలో నిలుచుండి యేఱి కొన్నది.

"ఆచారిగారూ," అనెను మెల్లగా, "నా బండేదండీ?"

ఎవ్వరును నవ్వలేదు.

"రేపు పొద్దుగూకేలోపు మిల్లు కాడ బండి లేకపోతే ఈ యేడు నాకు లోడు లేదు. పిల్లోడి ఫీజు, కూలోళ్ళ కూడు, అన్నీ ఆ లోడే. మీ మాట నమ్మానండీ నేను. ఇనపబండి చౌకొస్తదన్నా, కాళహస్తాచారి చేతి బండే కావాలని వచ్చా."

ఇంతలో మౌనేశ్వరాచారి తన కారు దిగి వచ్చి, జనులను తప్పించుకొని, పసుపుకారు చక్రముమీది వంపు నొద్ద మోకాళ్ళపై కూర్చుండి అరచేతితో నిమిరెను. నిమిరి నిమిరి చేయి తీయడయ్యెను. అవహేళనయేమో యని కాళహస్తి పండ్లు కొఱికెను. కాని వాని ముఖమున నవ్వు లేదు.

"బావా, ఆరోజు మేస్త్రి నన్ను మిషనెందుకు తీసుకోమన్నాడో నీకు తెలుసా? నన్ను పక్కకి పిలిచి, ఒరే మౌనీ, నీ చేతికి వంపు రాదురా, వాడితో పోటీపడితే కూలివాడిగా చస్తావ్, మిషన్ని నమ్ముకో అన్నాడు. నీ పక్కన నిలబడలేకే నామక్కల్ పోయా. నీకు లేనిదేదో నాకుండాలని నేలలు కొన్నా." ఎఱ్ఱకారువైపు చూపి మఱల ననెను. "నా కారు నేను కొన్నది. దుడ్డున్నోడెవడైనా కొంటాడు. ఇది పుట్టించగలిగినోడు ఈ ఆటోనగర్లో ఇంకోడు లేడు."

పొగడ్త యైనను కాళహస్తి హృదయమున నది తేనెయై దిగలేదు. ఇన్నియేండ్లుగా తన్ను చూచి కుళ్ళినవానిని చూచి తాను కుళ్ళితినా యని సిగ్గు ముల్లై దిగెను.

"నా షెడ్డులో తయారైన ఇనపబాడీ ఉంది," అని మౌనేశ్వరుడు బావ చెవిచెంతకు వంగి యనెను. "సాయంత్రానికల్లా బిగించేద్దాం. నాదని ఎవరికీ చెప్పొద్దు."

ఒప్పుకొనిన నవమాన మంతటితో తీరును, పసుపుకారును దక్కును. కాళహస్తి తిరపతమ్మ ముఖమువైపు చూచెను. అనంతరము పట్టుపంచె నెగగట్టి, మస్తాను చేతిలోని బాడిత నందుకొని, కారు ముందరి తలుపుమీద తొలిదెబ్బ తానే వేసెను.

"ఆమె చెక్క ఆమెకే పోవాలి. ఒరేయ్ మౌనీ, నీ మనుషుల్ని పిలువు. మేకులు మీరు పీకండి, పలకలు నేను బిగిస్తా."

బావమఱదిని సాయమడుగుట ముప్పదియేండ్లలో నదియే మొదలు. ఆ మాట పెదవి దాటుటకు బాడితదెబ్బకంటె నెక్కువ బలము పట్టెను. మౌనేశ్వరుడు పట్టుచొక్కా విప్పి కొక్కెమునకు తగిలించి తానును మేకులు పీకుటకు కూర్చుండెను. కామాక్షమ్మ కుండెడు మజ్జిగ కలిపి తెచ్చి, "ఇద్దరూ ఒక షెడ్డులో కూర్చోటం చూసి ఎన్నాళ్ళయ్యిందిరా," యని కొంగుతో కన్ను లొత్తుకొనెను. కారు ముక్క ముక్కగా విడిపోయెను, లారీ పలక పలకగా లేచెను. తాను ప్రాణముపోసిన వంపుల నొక్కొక్కటిగా చిత్రికపట్టి తిన్నన చేయుచు నాచారి యేడ్చెనో చెమర్చెనో ఎవ్వరికిని తెలియదు. ఒక్క వంపు మాత్రము చక్రముమీదిది, ఎంత చేసినను తిన్నన గాలేదు. దాని నట్లే క్యాబిను నెత్తిన నుదుటిపలకగా బిగించెను.

దశమి పగటి మూడవజామున పని ముగిసెను. తిరపతమ్మ తన గుమ్మడికాయను లారీచక్రము ముందు పగులగొట్టెను. కాళహస్తి ఎఱ్ఱకారు ముందు మఱియొకటి పగులగొట్టెను. మనస్సు నిర్మలమయ్యెనని నేను చెప్పజాలను గాని కాయ మాత్రము తొలిదెబ్బకే రెండయ్యెను. లారీ వీథిలోనికి వచ్చుచుండగా వాలుప్రొద్దు దాని నుదుటివంపుపై బంగారుపూత పూసెను.

మౌనేశ్వరుడు ఱెప్పవేయక చూచుచుండెను. "అట్టాంటి వంపొకటి నాకూ చేసిపెట్టరాదూ, బావా?"

"నీ మిషన్లనడుగు," అనెను కాళహస్తి.

ఇద్దఱును నవ్విరి. లారీ పొద్దుగూకకముందే మిల్లు చేరెను, లోడు దక్కెను.

ఈర్ష్య చచ్చెనని చెప్పి మిమ్ము మోసపుచ్చను నాయనలారా, అది యంత సులువుగా చచ్చు ప్రాణి కాదు. ఆ పిమ్మటను ఎఱ్ఱకారు వీథిలో పోవునపుడెల్ల కాళహస్తాచారి చేతిలోని బాడిత యొక్కక్షణ మాగెడిది. కాని ఆ షెడ్డు ముందునకు రాగానే ఆ కారు కూడ ఒక్కక్షణము మందగించెడిది. లోపలివాడు వెలుపలికి చూచును, వెలుపలివాడు లోపలికి చూచును, మఱల ఎవరి పనికి వారు పోవుదురు. రెండు క్షణములును సమానమే యని నాకు తోచును.

ఇక లేచి పొండు. ఎవరి భాగ్యమునైన చూచి మీకు నిదురపట్టని నాడు ఈ కథను తలచుకొనుడు. నా మాట మఱచిపోక మీ తరువాతి పిల్లలకు చెప్పుడు. చెప్పునపుడు ఆ తుమ్మచెక్క వంపును గుఱించి మాత్రము కొంచెము నిదానించి చెప్పుడు.