నా చొక్కా కొలత

మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అది మామూలు చెయ్యా? బట్టల షాపులో పంతొమ్మిదేళ్లు చొక్కాలు మడిచిన చెయ్యి. ఆవిడ సర్దిన వరసలో ఒక్క కాలరు పక్కకి తొంగిచూసేది కాదు. ఇంట్లో మాత్రం నేను విప్పిన చొక్కా కుర్చీ మీద పడేసి రోజూ చీవాట్లు తినేవాణ్ణి.

నాలుగు నెలలు ఓపిక పట్టి, షాపు యజమాని చివరికి కబురు పెట్టాడు. రెండు వారాల తర్వాత సోమవారం వచ్చి, ఎవరి సాయం లేకుండా తన ముందు పది చొక్కాలు మడిచి చూపిస్తే కౌంటర్ మళ్లీ ఆవిడదే. అది విన్నాక ఆవిడకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

"ఒంటి చేత్తో ఎలాగండీ?" అంది.

"చొక్కాలు మడిచే మడత అట్ట ఉంటే ఒంటి చెయ్యి చాలు. నేను చేసిపెడతాగా!" అన్నాను. ఇంట్లో ఒక్క మేకు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు నేను. అయినా మాట ఇచ్చేశాను.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె దింపి నాలుగు ముక్కలు కోశాను. రెండు పక్కలకు, రెండు నడిమికి. ముక్కలన్నీ ఒకదానికొకటి ఆనించి టేపు వేయడంతో మడతే పడలేదు, బిర్రబిగుసుకుని కూర్చుంది.

"అచ్చం మీలాగే ఉంది" అని నవ్వింది. జబ్బు చేశాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో పది అట్టలైనా పాడుచేసేవాణ్ణి. ముక్కల మధ్య వేలెడు సందు వదిలి మళ్లీ అంటించాను. ఈసారి తలుపు రెక్కల్లా తిరిగింది.

చొక్కా బోర్లా పరచాలి. ఎడమ చేత్తో ఒక రెక్క తిప్పాలి, తర్వాత రెండోది, ఆపైన కింది ముక్క పైకి లేపాలి. అంతే. కుర్చీ మీది నా చొక్కాలన్నీ తీసి వారం రోజులు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఆదివారానికి పావుగంటలో పది అయిపోతున్నాయి.

సోమవారం యజమాని పది చొక్కాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను గోడవారగా స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ మొదటి చొక్కా మా అట్ట మీద పరిచింది. చొక్కా అట్ట దాటి అన్ని వైపులా వేలాడుతోంది. రెక్క తిప్పితే సగం గుడ్డే లేచింది, మిగతాది జారిపోయింది. రెండో చెయ్యి ఉంటే అదొక లెక్కా?

అప్పటికి గానీ నా ఘనకార్యం నాకు తెలియలేదు. కొలతకు నా చొక్కా పెట్టుకున్నాను. గాలేస్తే పడిపోయే బక్కప్రాణిని. షాపుకొచ్చే వాళ్లంతా నాలాగే ఉంటారా? ఆ మాత్రం బుర్ర లేకపోయింది నాకు.

లేవబోయాను. "మీరు కూర్చోండి" అంది, నా వైపు చూడకుండా. పదీ పూర్తి చేసింది. చిన్న సైజువి మూడు కుదిరాయి. మిగతావి ఉండచుట్టినట్టు పడున్నాయి.

యజమాని చెడ్డవాడు కాదు. "ఇంక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండమ్మా" అని తల దించుకున్నాడు.

దారంతా నేనే మాట్లాడాను. "పెద్దది చేస్తాను. ఇవాళే చేస్తాను. ఇంకోసారి అడుగుదాం. నన్ను తిట్టవే, కనీసం తిట్టు!"

ఇంటికొచ్చాక ఆవిడ, నేను విప్పి అలవాటుగా కుర్చీ మీద పడేసిన చొక్కా తీసింది. అట్ట మీద పరిచి మడిచింది. ఒక్క ముడత లేదు.

"చూశారా, మీకు ఎంత చక్కగా సరిపోయిందో" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. అని, మడిచిన ఆ చొక్కా మీదే తల వాల్చి ఏడ్చింది. చెయ్యి పడిపోయిన నాడు కూడా ఆవిడ ఏడవలేదు.